పిడికిలి మీద లేచినవాడు

హయాత్ బాషా ఫుట్‌బాల్ మీద ఇష్టంతో గోల్ ముందు నిలబడలేదు. నిలబడ్డాక ఇష్టం పుట్టింది. బద్వేలులో ఉన్నన్నాళ్ళూ అతనికి తెలిసిన ఆట క్రికెట్టే, అందులోనూ వికెట్ల వెనక గొంతుక్కూర్చోవడమే. దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడపడానికి వచ్చిన మూడో ఏట, కార్మికుల క్యాంపులోని తెలుగువాళ్ళు సీమ బ్రదర్స్ అని ఒక జట్టు కట్టారు. ఏడుగురు ఆడే ఆట. ఆరుగురు దొరికారు. గోల్ ముందు నిలబడి దెబ్బలు తినడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

"నువ్వు బంతి పట్టేటోడివే గదప్పా, వచ్చి నిలబడు" అన్నారు.

పెట్టెలు మోయడానికి గిడ్డంగిలో ఇచ్చిన రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని వెళ్ళి నిలబడ్డాడు. మొదటి రోజు తొమ్మిది గోల్స్ పోయాయి. పదోది పట్టాడు. అరచేతుల్లో బంతి ఆగినప్పటి ఆ చప్పుడు అతన్ని వదల్లేదు. వచ్చిన జీతంలోంచి అసలైన గోలీ గ్లవ్స్ కొనుక్కున్నాడు.

శీతకాలం వస్తే అల్ కూజ్‌లో పోటీలు. ముప్పై జట్లు వస్తే అందులో ఇరవై ఎనిమిది కేరళవాళ్ళవే ఉండేవి. సీమ బ్రదర్స్ బస్సు దిగగానే, బంతి గుండ్రంగా ఉంటుందని తెలుగువాళ్ళకు ముందే చెప్పండర్రా అని నవ్వేవాళ్ళు. మొదట్లో ఆ నవ్వుకు తగ్గట్టే ఓడిపోయారు. తర్వాత్తర్వాత బాషా చేతులు కుదిరాయి. మూడుసార్లు ఫైనల్ దాకా వెళ్ళారు.

ఆ మూడు ఫైనల్స్‌లోనూ బాషా ఆడలేదు.

ఆ పోటీలకు ఒక ఆనవాయితీ ఉంది. కింది మ్యాచ్‌లు క్యాంపు మనుషులు ఆడతారు. ఫైనల్ చేరగానే ప్రతి జట్టూ బయటినుంచి ఒకరిద్దరు గట్టి ఆటగాళ్ళను పిలిపించుకుంటుంది. వాళ్ళను గెస్టులంటారు. అది తప్పని ఎవరూ అనుకోరు. పెళ్ళికి వంటవాణ్ణి పిలిచినట్టే. సీమ బ్రదర్స్‌కు పెద్దదిక్కు నెల్లూరు దక్షిణామూర్తి. బర్ దుబాయ్‌లో చీరల దుకాణం. జెర్సీలు ఆయనవి, బస్సు ఆయనది, గెలిచినా ఓడినా చివర్లో బిర్యానీ ఆయనదే. మంచివాడే. కాకపోతే దుకాణంలో పట్టుచీరల అర పైన ఒక అద్దాల బీరువా పెట్టించుకున్నాడు, అందులోకి ఒక కప్పు రావాలన్నది ఆయన కోరిక. అందుకని ఫైనల్ అనగానే గెస్టు గోలీని పిలిపించేవాడు. ఆ గోలీ డ్యూటీ నుంచి నేరుగా టాక్సీలో దిగేవాడు. చేతికి గ్లవ్స్ ఉండేవి కావు. బాషా తనవి తీసి ఇచ్చేవాడు. మ్యాచ్ అయ్యాక ఇంకొకడి చెమటతో నానిన గ్లవ్స్ ఇంటికి తెచ్చి ఉతుక్కునేవాడు.

కప్పు మూడుసార్లూ రాలేదు. బీరువాలో కప్పు బదులు మూడు ఫోటోలున్నాయి. మొదటి రెండింట్లో బాషా లేడు. మూడోదాంట్లో అంచున ఒక మోచేయి కనిపిస్తుంది. ఆ ఫోటో వాట్సాప్‌లో పంపితే బద్వేలు నుంచి భార్య షహర్బాను ఫోన్ చేసింది.

"ఆ మోచెయ్యి నీదేనా?"

"నాదే."

"మంచిగుంది. మిగతా మనిషి ఎప్పుడొస్తాడో చెప్పు, ఫ్రేము కట్టిస్తా."

నవ్వాడు గాని ఆ మాట లోపల దిగింది. ఒక్క ఫైనల్. మోకాళ్ళు బాగుండగానే ఒక్క ఫైనల్‌లో మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా గోల్ ముందు నిలబడాలి. అంతకుమించి అతనేమీ అడగలేదు. ఎవరినీ పైకి అడగనూ లేదు.

తర్వాత కరోనా వచ్చింది. క్యాంపు గేట్లు మూశారు, మైదానాలు మూశారు. మళ్ళీ తెరిచేసరికి 2020 చలికాలం. సెలవు రోజున బాషా కరామాలో పిన్నమ్మ కొడుకు అఖీల్ ఉండే ఫ్లాట్‌కు వెళ్ళేవాడు. రెండు గదుల్లో పదకొండు మంది. ఆ పదకొండు మందిలో ఒక తెల్లవాడు చేరాడని అఖీల్ చెబితే బాషా నమ్మలేదు. వెళ్ళి చూస్తే నిజమే. కింది బంకు మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకుని, యాభై నాలుగు యాభై అయిదేళ్ళ పొడుగాటి మనిషి పప్పన్నం తింటున్నాడు. పేరు ఎలోయ్. స్పెయిన్ దేశం. పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే అకాడమీలో పనికి వచ్చాడు. కరోనాకు అకాడమీ మూతపడింది. తిరిగి వెళ్ళమంటే వెళ్ళలేదు.

బాషా తన గ్లవ్స్ ఉతికి బాల్కనీలో ఆరేశాడు. ఎలోయ్ తిన్న పళ్ళెం కడుక్కుని వస్తూ వాటి దగ్గర ఆగాడు. కుడి గ్లవ్ తీసుకుని తిప్పి చూశాడు. అతని భాషలో సగం ఇంగ్లిషు, పావు క్యాంపు హిందీ, మిగతా పావు చేతులు.

"ఎవరివి ఇవి?"

"నావే."

"నువ్వు పడ్డాక అరచెయ్యి నేలకు మోపి లేస్తావు" అన్నాడు ఎలోయ్. మణికట్టు పైన, అరచేతి అడుగున అరిగిపోయిన చోట వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ అరిగితే బంతి జారుతుంది. గోలీ అరచేత్తో లేవకూడదు. పిడికిలి బిగించి, పిడికిలి మీద లేవాలి."

పదేళ్ళుగా ఆడుతున్న బాషాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. అక్కడే, బాల్కనీలో బట్టల తీగ కింద, ఆ పొడుగాటి మనిషి నేలమీద పడి, పిడికిలి మీద లేచి చూపించాడు. అఖీల్ టీ గ్లాసుతో గడపలో నిలబడిపోయాడు.

ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ ఎలోయ్ మెట్రో ఎక్కి, బస్సు మారి జెబెల్ అలీకి వచ్చేవాడు. సార్ అంటే ఒప్పుకోలేదు. తమ దేశంలో మేనేజరును ఆటగాళ్ళు మిస్టర్ అంటారని చెప్పాడు. క్యాంపులో వంటవాడితో సహా అందరూ మిస్టర్ అనడం మొదలుపెట్టారు. అతను మైదానం పక్కన నిలబడేవాడు కాదు. గోల్ వెనక, వల కంతల్లోంచి చూసేవాడు. అదేమంటే, గోలీకి ఆట ఎట్లా కనబడుతుందో అదే అసలు ఆట అనేవాడు.

అతని కథ బాషాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఉత్తరాన సముద్రం పక్క చిన్న ఊరు, చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో తల్లిదండ్రులు. పద్దెనిమిదో ఏట క్లబ్బులో చేరాడు. పద్నాలుగేళ్ళు గోలీగా జీతం తీసుకున్నాడు. ఆ పద్నాలుగేళ్ళలో ఆడినవి ముప్పై ఒక్క మ్యాచ్‌లు. మిగతా కాలమంతా బెంచీ మీదే. అక్కడ రెండో గోలీకి 13వ నంబరు. జట్టు మారినా ఊరు మారినా వీపు మీద అదే అంకె. వాళ్ళకూ ఒక ఆనవాయితీ ఉందట. లీగ్ మ్యాచ్‌లకు మొదటి గోలీ, కప్పు మ్యాచ్‌లకు రెండో గోలీ. ఒక ఏడు ఎలోయ్ గోల్‌లో ఉండగా అతనున్న చిన్న క్లబ్బు కప్పులో తనకన్నా పెద్ద జట్లను మూడింటిని ఇంటికి పంపింది. నాలుగో మ్యాచ్ టీవీలో వస్తుందనగానే మేనేజరు మొదటి గోలీని దింపాడు.

"నువ్వు గ్లవ్స్ ఇచ్చావా?" అని అడిగాడు బాషా.

"అతని దగ్గర ఉన్నాయి. లేకపోతే ఇచ్చేవాణ్ణేమో" అన్నాడు ఎలోయ్.

ఆట మానేశాక మేనేజరయ్యాడు. మూడో అంచె క్లబ్బులు, తడి మైదానాలు, అయిదు చోట్ల ఉద్యోగం, అయిదు చోట్లా తీసేశారు. అది చెప్పేటప్పుడు నవ్వేవాడు. నవ్వకుండా చెప్పింది ఒక్కటే. జిల్లాస్థాయి కప్పు ఒకదానికి తన జట్టు ఫైనల్ చేరింది. అక్కడిదాకా తెచ్చింది రెండో గోలీ, ఇరవై మూడేళ్ళ వడ్రంగి. ఫైనల్ ముందు రోజు క్లబ్బు అధ్యక్షుడు భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాడు. ఎలోయ్ మొదటి గోలీని దింపాడు. మ్యాచ్ గెలిచారు.

"ఓడిపోయినా బాగుండేది" అన్నాడు ఎలోయ్. "వాడు పతకం తీసుకోకుండా ఇంటికి పోయాడు. మళ్ళీ ఆడలేదు. నాకు చేసిందే వాడికి చేశాను. తెలిసి చేశాను."

2022 ఫిబ్రవరిలో సీమ బ్రదర్స్ నాలుగోసారి ఫైనల్ చేరారు. ఆరు మ్యాచ్‌ల్లో బాషా వదిలినవి మూడే గోల్స్. నవ్విన కేరళవాళ్ళే ఇప్పుడు సలాం చెప్పి చేయి కలుపుతున్నారు. అతనికప్పుడు నలభై ఒకటి. ఎడమ మోకాలు మెట్లు దిగేటప్పుడు చప్పుడు చేస్తోంది. ఇంకో ఫైనల్ వచ్చేదాకా ఆ మోకాలు ఉండదని అతనికి తెలుసు.

ఫైనల్ ఆదివారం. సాయంత్రపు అసర్ నమాజు ముగించుకుని బాషా మైదానానికి వచ్చేసరికి దక్షిణామూర్తి కారు ఉంది, పక్కనే టాక్సీ కూడా ఉంది. టాక్సీలోంచి మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రవాడు దిగి నేరుగా బాషా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాచాడు. గ్లవ్స్ కోసం. బాషా చెయ్యి తనంతట తనే కుడి గ్లవ్ పట్టీ ఊడదీసింది. పదేళ్ళ అలవాటు. సగం ఊడిన గ్లవ్‌తో సహా ఆ మణికట్టును వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. ఎలోయ్.

"ఈ రోజు ఇతనే" అన్నాడు.

దక్షిణామూర్తి ముందు నవ్వాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత గొంతు మారింది.

"ఏందయ్యా మిస్టర్, జట్టు నాదా నీదా? నాలుగోసారి. ఈసారి గూడా ఓడితే ఆ బీరువాలో నన్ను పెట్టుకోవాల."

"జట్టు నీదే. గోల్ ఇతనిది" అన్నాడు ఎలోయ్.

"అట్టనా? అయితే జెర్సీలు గూడా నాయే. ఇప్పేయమను."

ఆటగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకూ కప్పు కావాలి. ఇద్దరు ముగ్గురు గెస్టే మేలని మనసులో అనుకుంటున్న సంగతి బాషాకు తెలుస్తూనే ఉంది. తానే పక్కకు తప్పుకుంటే గొడవుండదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు అతనికి మోచేయి గుర్తుకొచ్చింది. చేతిలో సగం ఊడిన గ్లవ్ పట్టీని పళ్ళతో లాగి బిగించుకున్నాడు. జెర్సీ తలమీదుగా తీసి, మడత పెట్టి, దక్షిణామూర్తి చేతికి మర్యాదగా ఇచ్చాడు.

"తీసుకోండి సార్. ఉతికిందే. నేను మాత్రం ఈ పొద్దు గోల్ వదిలేది లేదు."

తర్వాత మిగతా ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు జెర్సీలు ఇప్పేశారు.

బస్సులో డ్యూటీ బట్టల సంచులున్నాయి. గిడ్డంగిలో వేసుకునే పసుపుపచ్చ చొక్కాలు తీశారు, చీకట్లో లైటు పడితే మెరిసే పట్టీలవి. ఆరు పసుపువి. నారింజ రంగుది ఒక్కటి దొరికింది, అది గోలీకి. పెట్టెల మీద రాసే నల్ల మార్కరు తీసుకుని ఎలోయ్ ఒక్కొక్కరి వీపు మీద అంకె వేశాడు. బాషా దగ్గరికి వచ్చేసరికి, నీ నంబరే రాయి మిస్టర్, పదమూడు, అన్నాడు బాషా. ఎలోయ్ ఒప్పుకోలేదు. వీపంతా పట్టేలా నిలువుగా ఒక్క గీత గీశాడు. ఒకటి.

గట్టు మీద జనం ఈలలు వేశారు. ఫోర్క్‌లిఫ్ట్ యాడ పెట్టినారప్పా అని ఎవరో తెలుగులోనే అరిచారు. ఎనిమిదో నిమిషంలో గోల్ పోయింది. బాషా నేలమీద నుంచి పిడికిలి మీద లేచాడు. ఆ తర్వాత ఇంకేదీ పోలేదు. ఇటునుంచి ఒకటి కొట్టి సమం చేశారు. చివరికి పెనాల్టీలు. బాషా రెండు ఆపాడు. అవతలి గోలీ మూడు ఆపాడు. అంతే తేడా.

ఓడిపోయిన జట్టు ఫోటోకు నిలబడింది. నడిమధ్య నారింజ చొక్కాలో బాషా. షహర్బాను ఆ మ్యాచ్ అంతా ఫోన్లో లైవ్ చూసిందట.

"రోడ్డు పనోళ్ళ మాదిరి అందరూ ఆ పచ్చ చొక్కాలేంది?"

"అది పెద్ద కథలే."

"ఉండనీ. మనిషి మొత్తం వచ్చినాడు. ఫ్రేము కట్టిస్తాండా."

ఆ ఎండాకాలం మోకాలు సెలవడిగింది. బాషా గ్లవ్స్ విప్పి జట్టుకు మేనేజరయ్యాడు. ఆ పని అతనికిచ్చింది ఎలోయే. తాను పక్కన సహాయంగా ఉంటానన్నాడు. ఇద్దరూ గోల్ వెనకే నిలబడేవాళ్ళు. గోలీగా మహీధర్‌ను తీసుకున్నారు. ఆర్మూరు మనిషి, గిడ్డంగిలో లోడింగ్ పని, మాట తక్కువ. పై బంతులకు తడబడేవాడు. పిడికిలి మీద లేవడం మాత్రం మొదటి వారంలోనే వచ్చింది.

2024 జనవరిలో ఒక ఉదయం కరామాలో మెట్రో మెట్లెక్కుతూ ఎలోయ్ కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆస్పత్రివాళ్ళు అతని ఫోన్లో మొదటి నంబరుకు చేశారు. అది బాషాది. స్పెయిన్‌లో ఉన్న చెల్లెలు వీడియోలో ఏడుస్తూ ఏదో అడిగింది. భాష తెలియక బాషా కూడా ఏడ్చాడు, దానికి భాష అక్కర్లేకపోయింది.

శవాన్ని పంపే చోట గుమాస్తా ఫారం నింపుతూ వృత్తి సేల్స్ రిప్రజెంటేటివ్ అని రాశాడు. వీసాలో అదే ఉంది. ఫుట్‌బాల్ మేనేజర్ అని రాయమన్నాడు బాషా. కుదరదన్నాడు గుమాస్తా. గోలీ అని రాయమన్నాడు. అదీ కుదరదన్నాడు. పెట్టె మూసి, తాళ్ళు బిగించి, బండి మీదికి చేర్చారు. బాషా జేబులోంచి నల్ల మార్కరు తీశాడు.

"భాయ్, పెట్టె మీద ఏమీ రాయకూడదు" అన్నాడు గుమాస్తా.

"తెలుసు భాయ్. రోజూ పెట్టెల మధ్యనే బతుకుతాండా" అని, ఆ చెక్క మీద నిలువుగా ఒక్క గీత గీశాడు. ఒకటి. గుమాస్తా చెరిపించలేదు.

ఆ ఏడు పోటీలు రంజాన్ దాటి ఏప్రిల్ దాకా సాగాయి. ఆ ఏప్రిల్‌లోనే వానకు దుబాయ్ మునిగింది. మైదానంలో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. సెమీఫైనల్ వారం వాయిదా పడింది. బకెట్లతో నీళ్ళు తోడిన వాళ్ళలో మహీధర్ అందరికన్నా ముందున్నాడు. ఆ బురదలోనే సెమీఫైనల్ గెలిచారు. ఫైనల్‌లో అవతలిది 2022లో తమను ఓడించిన జట్టే.

దక్షిణామూర్తి మళ్ళీ వచ్చాడు. పసుపు చొక్కాల ఫోటో ఊరంతా తిరిగాక ఆయన సిగ్గుపడ్డాడనీ, తనంతట తానే కొత్త జెర్సీలు కుట్టించాడనీ అనుకునేవాళ్ళు. జెర్సీలతో పాటు పాత మాటా తెచ్చాడు. మంచి గెస్టు గోలీ ఉన్నాడు, ఆ మిస్టర్ పేరు మీద ఈసారైనా కప్పు గెలుద్దాం అన్నాడు.

ఆ మాట బాషాకు సూటిగా తగిలింది. మహీధర్ పై బంతులు వదులుతాడు. అవతలివాళ్ళు కొట్టేవన్నీ పై బంతులే. గెస్టు దిగితే గెలుస్తారు. కప్పు ఎలోయ్ పేరు మీద అద్దాల బీరువాలో ఉంటుంది. ఎవరూ తప్పుపట్టరు. మహీధరే వచ్చి, "అన్నా, నేన్ కూసుంట తియ్. మిస్టర్ కోసం గెల్సుడు ముఖ్యం గదా" అన్నాడు. అప్పటికే గ్లవ్స్ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

బాషా ఆ గ్లవ్స్ తీసుకుని తిప్పి చూశాడు. అరచేతి అడుగున చెక్కుచెదరలేదు. పిడికిలి కణుపుల మీద మాత్రం రెండు గ్లవ్స్‌కూ అట్ట కట్టిన మట్టి.

"మిస్టర్ ఒకసారి ఇట్లనే గెలిచినాడు" అన్నాడు బాషా. "ఆ కప్పు సచ్చేదాకా ముట్టుకోలేదు. తొడుక్కో."

మ్యాచ్ ముందు గెస్టు గోలీ టాక్సీ దిగి చేతులు చాచాడు. బాషా ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని కలిపాడు, కూర్చుని చూడమని గట్టు చూపించాడు. తాను వెళ్ళి గోల్ వెనక, పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు వదిలి, నిలబడ్డాడు.

మూడో నిమిషంలోనే పై బంతి వచ్చింది. మహీధర్ వేళ్ళకు తగిలి లోపల పడింది. గట్టు మీద దక్షిణామూర్తి తల పట్టుకున్నాడు. మహీధర్ నేలమీద అట్లాగే పడి వల కంతల్లోంచి బాషా వైపు చూశాడు. బాషా పిడికిలి బిగించి చూపించాడు. మహీధర్ పిడికిలి నేలకు ఆనించి లేచాడు.

ఆ ఫైనల్ మూడు రెండుతో పోయింది. ఆ రెండోసగంలో మహీధర్ పట్టిన పై బంతులు నాలుగు.

మరుసటి ఏడాది పోటీకి పేర్లు రాసిచ్చే రోజు దక్షిణామూర్తి దుకాణానికే బాషా ఫారం తెచ్చాడు. ఒకటో గడిలో మహీధర్ పేరు ఉంది. పక్కనే నల్ల మార్కరుతో, ఫైనల్‌కు కూడా ఇతనే, అని రాసి ఉంది. దక్షిణామూర్తి కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"ఇదేందయ్యా, ఇంకా ఒక్క మ్యాచ్ గూడా ఆడలా. అప్పుడే ఫైనలంటావా?"

"గెస్టుకు టాక్సీ చెప్పొద్దని ముందే చెప్తాండా సార్" అన్నాడు బాషా.